ఆదివారం పెన్నుల బల్ల: ఆర్నెల్లు తిరిగాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తా, షాపు పేరు ఇందులో ఉండదు. రాయొద్దని ఆ బల్ల నడిపే పెద్దాయనే అన్నారు. "ఎనిమిది కుర్చీలున్నాయి బాబూ, ఎనభై మందొస్తే ఎక్కడ కూర్చోబెట్టను" అని. కోఠి, సుల్తాన్ బజార్ సందుల్లో పుస్తకాల కోసం తిరిగే అలవాటున్నవాళ్ళకి ఈపాటికే ఏ షాపో తట్టి ఉంటుంది. మిగతావాళ్ళు ఇంకు పెన్నులు వాడేవాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు.

ఓ చిన్న పెన్నుల షాపు. నెలలో మొదటి, మూడో ఆదివారాలు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా షట్టరు సగం ఎత్తి లోపల ఓ బల్ల వేస్తారు. పాళీ పెన్ను ఏదున్నా పట్టుకెళ్ళొచ్చు. రాయని దాన్ని రాయించుకోవచ్చు, కొత్త ఇంకులు ముంచి చూడొచ్చు, ఏమీ లేకపోతే ఊరికే కూర్చుని కబుర్లు వినొచ్చు. మనిషికి యాభై రూపాయలు, టీ అందులోనే. రిపేరు మనమే చేసుకుంటే ఫ్రీ, పక్కన కూర్చుని ఆయన చెప్తారు. ఆయన చేతే చేయించుకుంటే వంద. ఈ తేడా ఎందుకు పెట్టారో నాకు మొదట్లో అర్థం కాలేదు, డబ్బులు వదులుకునే వ్యాపారం ఏంటిది అనుకున్నా.

దీన్నింత పొడుగ్గా రాయడానికి కారణం వేరే ఉంది. హైదరాబాద్‌లో మాకిదివరకు ఓ పెన్నుల గ్రూపుండేది. పదేళ్ళ కిందటి మాట. ఓ కేఫ్‌లో నెలకోసారి ముప్ఫై మంది దాకా కలిసేవాళ్ళం. బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు లెక్చరర్లు, ఓ హోమియో డాక్టరు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఓ రిటైర్డ్ సబ్‌రిజిస్ట్రారు. మొదట్లో అందరూ తెచ్చినవి హీరో పెన్నులు, వాళ్ళ నాన్నల పార్కర్లు, రాజమండ్రి నల్ల పెన్నులు. ఒకరి పెన్నుతో ఒకరం సంతకాలు పెట్టుకునేవాళ్ళం. అది ఎలా చచ్చిపోయిందో చెప్పకుండా ఇప్పుడు ఈ బల్ల ఎందుకు బాగుందో చెప్పలేను.

ఒక్కరోజులో పోలేదు. ముందు ఒకాయన నలభై వేల పెన్ను తెచ్చాడు. తప్పేం కాదు, మంచి పెన్ను. కానీ దాన్ని గుడ్డలో చుట్టి, బల్ల మధ్యలో పెట్టి, "చూడండి, ముట్టుకోకండి" అన్నాడు. మరుసటి నెల ఇంకొకాయన యాభై అయిదు వేలది తెచ్చాడు. మూడు నెలలు తిరిగేసరికి మీటింగంటే పెన్నుల పెళ్ళిచూపులయ్యాయి, రాసేవాడు లేడు. ఆ టైములోనే ఓ డిగ్రీ కుర్రాడు నూటయాభై రూపాయల పెన్ను పట్టుకొచ్చి, ఇంకు సరిగా పారట్లేదన్నా, ఏం చేయాలి అని అడిగాడు. "ముందు మంచి పెన్ను కొనుక్కో తమ్ముడూ" అన్నారెవరో. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నా. ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు, ఆ తర్వాత కొత్తవాళ్ళెవరూ రాలేదంటే ఆశ్చర్యం ఏముంది.

తర్వాత అందరం కలిసి ఒకేసారి పెన్నులు ఆర్డర్ చేద్దామన్నారు. డబ్బులు కట్టాం. ఎనిమిది నెలల దాకా పెన్నులు రాలేదు. వచ్చినవాటిలో సగానికి మూత బిగుసుకోదు. డబ్బులు వసూలు చేసిన అడ్మిన్ తిట్లు తినలేక గ్రూపులోంచి వెళ్ళిపోయాడు, పాపం ఆయన జేబులోంచే నలుగురికి తిరిగిచ్చాడని తర్వాత తెలిసింది. కోవిడ్‌తో ఆ నెలవారీ కలయిక కూడా ఆగిపోయింది. వాట్సాప్ గ్రూపులో మాత్రం జనం ఉన్నారు. పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం, సాయంత్రం షాద్‌నగర్‌లో ప్లాట్లు. నాలుగేళ్ళ పాటు ఆ గ్రూపులో పెన్ను అనే మాట నాకు కనపడలేదు.

అలాంటి గ్రూపులో ఈ జూన్‌లో ఓ మెసేజ్ వచ్చింది. ఫొటో లేదు, డిజైన్ లేదు. "మీ ఇంట్లో రాయని పెన్నుంటే పట్టుకురండి. ఆదివారం పది గంటలకి. పారేయకండి." అంతే. నచ్చింది ఆ మూడో వాక్యమే.

మా నాన్నది ఓ పెన్నుంది, రాజమండ్రి ఎబొనైట్ పెన్ను. ఎబొనైట్ అంటే గంధకం కలిపి ఉడికించిన గట్టి రబ్బరు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే అగ్గిపుల్ల గీసిన వాసన కొద్దిగా వస్తుంది. 1998 తర్వాత దాన్నెవరూ వాడలేదు. కొన్నప్పుడు నల్లగా నిగనిగలాడేది, ఎండ తగిలే అల్మరాలో ఉండి ఉండి బెల్లం పాకం రంగుకి తిరిగింది. దాన్నే పట్టుకెళ్ళా. నాతో కలిపి ఆ రోజు వెళ్ళింది ముగ్గురం.

పెద్దాయనది గోదావరి జిల్లా. వయసులో ఉన్నప్పుడు రాజమండ్రిలో లేత్ మీద పెన్నులు తిప్పారట, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటూ ఈ షాపులో పొద్దుపుచ్చుతున్నారు. రాజమండ్రి పెన్నుల సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: రత్నం పెన్నులు అక్కడ 1932లో మొదలయ్యాయి, పూర్తిగా స్వదేశీ పెన్ను కావాలన్న పట్టుదలతో. 1935లో ఆ పెన్ను అందుకున్న గాంధీగారు బాగుందని రత్నం గారికి స్వయంగా ఉత్తరం రాశారు. ఆ తర్వాత అదే ఊళ్ళో గైడర్ లాంటివీ వచ్చాయి. మన నగరంలోనూ ఆబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ 1928 నుంచి ఉంది. అంటే మన రెండు రాష్ట్రాల్లో ఈ సరదాకి దాదాపు వందేళ్ళ చరిత్ర ఉంది, పోషించేవాళ్ళే తగ్గారు.

నాన్న పెన్నుని చేతిలోకి తీసుకుని ఆయన చేసిన మొదటి పని మూత తీసి వాసన చూడటం. "క్యామ్లిన్ నీలమండి, ఎండిపోయింది" అన్నారు. వేళ్ళతో పట్టుకునే చోట మర బిగుసుకుపోయింది. నేను ఇంట్లో గుడ్డ చుట్టి తిప్పి తిప్పి వదిలేశా, పటకారు పెడదామనుకున్నా కూడా. ఆ మాట చెప్తే ఆయన నావైపు చూసిన చూపు నేను మర్చిపోను. ఓ గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి, పెన్ను తలకిందులుగా పెట్టి, "వచ్చే బల్లకి రండి" అన్నారు. వేడినీళ్ళు పోస్తే తొందరగా వస్తుంది కదండీ అంటే, "వస్తుందండి, రంగు కూడా వచ్చేస్తుంది నీళ్ళలోకి" అన్నారు. ఎబొనైట్ ఒంటిని వేడినీళ్ళలో ముంచితే పైన మెరుపు పోయి గోధుమరంగు తేలుతుందని అప్పుడే తెలిసింది.

రెండు వారాల తర్వాత మర దానంతటదే తిరిగింది. అసలు విషయం పాళీ. చిన్నప్పుడు నేను దాన్ని తీసుకుని బాల్‌పెన్నులా అదిమి రాసినట్టున్నా, చీలికకి అటూ ఇటూ ఉండే రెండు రేకులూ విచ్చుకుపోయాయి. ఆయన నా చేతికి భూతద్దం ఇచ్చి బల్బుకెదురుగా పట్టి చూడమన్నారు. మంచి పాళీలో చీలిక మొదట్లో వెలుగు సన్నగా కనిపించి, కొనకొచ్చేసరికి రెండు రేకులూ తాకీతాకనట్టుండాలి. నాదాంట్లో కొన దగ్గరే వెలుగు ఎక్కువుంది. అందుకే ఇంకు కాగితం దాకా రాదు, గొట్టం వెడల్పయితే నీళ్ళు ఎక్కువ పారతాయనుకుంటాం గానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది, ఇంకుని కొన దాకా లాక్కొచ్చేది ఆ ఇరుకుదనమే. బొటనవేలి గోళ్ళతో రేకుల్ని రెండువైపులా పట్టుకుని, కాస్త కిందికి వంచి, ఒకదాని మీదికి ఇంకోదాన్ని వెంట్రుకవాసి తెచ్చి వదిలేయమన్నారు. నాలుగుసార్లు చేశా. చెమటలు పట్టాయి. ఇంట్లో ఫ్యాను విప్పి బిగించడం కూడా రాని మనిషిని నేను.

పాళీ కింద గాడులు గాడులుగా ఉండే నల్లముక్క ఉంటుంది చూడండి, ఫీడ్ అంటారు, మా ఊళ్ళో నాలిక అనేవాళ్ళం. పాళీకీ నాలికకీ మధ్య సందు ఉంటే ఇంకు మధ్యలోనే ఆగిపోతుంది. దీనికి మాత్రం వేడినీళ్ళే మందు. ఎబొనైట్ వేడికి మెత్తబడుతుంది కాబట్టి, పాళీ, నాలిక రెండూ కలిపి మరిగి దించిన నీళ్ళలో ఓ అర నిమిషం ముంచి, తీసి, బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. చల్లారేదాకా వదలకూడదు. కాలుతుంది. "కాలుద్దండి, ఆయ్, అందుకే మిమ్మల్ని పట్టుకోమన్నాను" అన్నారు పెద్దాయన, ఆ బల్ల దగ్గర నేను విన్న మొదటి జోకు అదే.

చివర్లో ఇంకు పోసి రాయమన్నారు. ఏం రాయాలో తెలీక అలవాటుగా ఇంగ్లీషులో సంతకం పెట్టబోయా. వద్దన్నారు. ఆ బల్ల మీద పాళీ పరీక్షకి మూడు మాటలున్నాయి: రాష్ట్రం, లక్ష్మి, స్త్రీ. ఒత్తుల్లో ఖాళీలు పూడుకుపోకుండా రాస్తే ఆ పాళీ తెలుగుకి పనికొస్తుందని లెక్క. ఇంగ్లీషుకి అద్భుతంగా ఉందని పేరున్న లావు పాళీలు మన 'ష్ట్ర' దగ్గరకొచ్చేసరికి ఇంకు మచ్చ మిగులుస్తాయి. ఇంకో కిటుకు కూడా చెప్పారు. తలకట్టు పెట్టేటప్పుడు చెయ్యి కుడివైపు పైకి పోతుంది కదా, అక్కడే గీరుకుంటోందంటే ఎడం రేకు కిందికి దిగిందన్నమాట. భూతద్దంతో చూస్తే అచ్చంగా అంతే. పదేళ్ళు పెన్నుల గ్రూపులో ఉన్నా, జర్మనీ పాళీల పేర్లన్నీ నోటికి చెప్పగలను, నా తలకట్టు ఎందుకు గీరుకుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాన్న పెన్ను రాసింది. దాని గురించి ఎక్కువ రాయను.

ఇక సర్వీసు సంగతి. అంతకుముందు వేరే పెన్నొకటి వేరే ఊళ్ళో ఓ రిపేరు చేసేవాళ్ళకి కొరియర్ చేశా. ఏడు వందలు తీసుకున్నారు, పెన్ను వెళ్ళినట్టే తిరిగొచ్చింది, పైన ఓ థాంక్యూ కార్డు. ఆ లెక్కన ఇక్కడ వంద రూపాయలంటే దాదాపు ఉచితం. కానీ నేను ఎక్కువ మార్కులిచ్చేది రేటుకి కాదు, ఆ "మీరే చేసుకుంటే ఫ్రీ" అన్న పద్ధతికి. డబ్బులిచ్చి చేయించుకున్నవాడు పెన్ను తీసుకుని వెళ్ళిపోతాడు. తనే చేసుకున్నవాడు వచ్చేసారి పక్కవాడికి చెప్పడానికి వస్తాడు. జూన్‌లో ముగ్గురం, ఆగస్టుకి పదకొండు మంది, ఇప్పుడు ఇరవై మంది దాకా వస్తున్నారు, రెండు బ్యాచులు చేశారు. వీళ్ళలో సగం మంది పాత గ్రూపు పేరు కూడా విననివాళ్ళు.

ఇంకుల సంగతి చెప్పాలి. గోడవారగా ఓ చెక్కపెట్టె, అందులో ఇరవై పాతిక సీసాలు. క్యామ్లిన్, బ్రిల్ లాంటి మన చిన్ననాటివి ముందు వరసలో. వెనక కేరళలో తయారయ్యే కృష్ణ ఇంకులు, బెంగాల్ సులేఖ. 1934లో స్వదేశీ ఉద్యమం రోజుల్లో మొదలై, మధ్యలో మూతబడి, 2020లో మళ్ళీ ఇంకు సీసాలతో వచ్చింది ఈ సులేఖ. నాలుగైదు జపాన్ సీసాలు కూడా ఉన్నాయి, అవి ఎవరో సభ్యులు ఇచ్చినవి. గాజు పుల్ల ముంచి కాగితం మీద గీసి చూడొచ్చు. నచ్చితే 5 మి.లీ. చిన్న సీసాలో పోసిస్తారు, ముప్ఫై రూపాయలు. ఎనిమిది వందలు పెట్టి ఇంకు కొని, ఇంటికెళ్ళాక ఈ రంగు నాకెందుకు నచ్చిందా అని బాధపడే బదులు ఇది ఎంత నయమో అనుభవించినవాళ్ళకి తెలుసు. డ్రాయింగ్ ఇంకు మాత్రం షాపు గడప దాటనివ్వరు. దాంట్లో లక్క కలుస్తుంది, ఎండితే నాలిక గాడులు సీలు వేసినట్టు మూసుకుపోతాయి. ఓ స్కూలు టీచరుగారు పాపం నల్లగా బాగుంటుందని అదే పోసి తెచ్చారు, ఆ పెన్ను మూడు ఆదివారాలు నీళ్ళలో నానింది.

కాగితం మూడు రకాలుంటుంది. మామూలు స్కూలు నోటుబుక్కు, జిరాక్స్ కాగితం, ఎవరో ఇచ్చిన పాత ఖాతా పుస్తకం. ఖాతా పుస్తకం మీద ఇంకు రాజులా కూర్చుంటుంది. స్కూలు నోటుబుక్కు మీద అక్షరం చుట్టూ వెంట్రుకలు మొలిచినట్టు పాకి వెనక పేజీకి దిగుతుంది. కొత్తవాళ్ళు పెన్ను బాలేదనుకునేది చాలాసార్లు కాగితం వల్లేనని చూపించడానికే మూడూ పక్కపక్కన పెడతారట. మంచి ఆలోచన.

అన్నిటికంటే మంచి ఏర్పాటు అప్పు పెన్నులు. ఓ స్టీలు గ్లాసులో పది పన్నెండు చవక పెన్నులు, అన్నీ సరిచేసినవి, ఇంకు పోసి ఉంటాయి. పెన్ను లేని కొత్తవాళ్ళెవరైనా ఒకటి పట్టుకెళ్ళొచ్చు, రెండు వారాల తర్వాత తెచ్చివ్వాలి. డిపాజిట్ లేదు, ఫోన్ నంబరు రాయాలి. ఆర్నెల్లలో మూడు పోయాయట. పట్టుకుపోయినవాళ్ళు కూడా రాస్తూ ఉంటే చాలని పెద్దాయన అన్నారు. నేనైతే ఫోన్ చేసి అడిగేవాణ్ణి.

ఇంటర్ చదివే ఓ అమ్మాయి అలా అప్పు పెన్నుతోనే మొదలుపెట్టింది. రెండోసారి వచ్చినప్పుడు వాళ్ళ తాతగారి పెన్ను తెచ్చింది, మూత పగిలిపోయి ఉంది. "తాతయ్యగారూ, దీన్ని అతికించొచ్చా" అని అడిగితే, అతికించడం కుదరదమ్మా, ఉంగరం వేద్దాం అని ఇత్తడి రేకు చుట్టి పగులు కదలకుండా బిగించారు. ఇప్పుడు కొత్తవాళ్ళకి పెన్ను కడగడం నేర్పేది ఆ అమ్మాయే. చెవి దగ్గర ఇంకు మరకతో తిరుగుతుంటుంది, చెప్పినా తుడుచుకోదు.

బల్లకి రాతపూర్వకంగా రూల్సేమీ లేవు గానీ నాలుగు వారాలకి మనకే అర్థమైపోతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు పెద్దాయన పక్క కుర్చీలోనే కూర్చోవాలి, పాతవాళ్ళెవరైనా అక్కడుంటే లేచిపోవాలి. ఇంకోటి, ఎంత ఖరీదైన పెన్నయినా తేవచ్చు, కానీ తెచ్చాక ఎవరడిగినా రాయనివ్వాలి. ఇవ్వనంటే బ్యాగులోంచి తీయకూడదు. ఈ ఒక్క మాటా పదేళ్ళ కిందట ఎవరైనా మా కేఫ్‌లో చెప్పి ఉంటే ఎంత బాగుండేది. మొన్నొకాయన అరవై వేల పెన్ను తెచ్చాడు, ఆ ఇంటర్ అమ్మాయి దాంతో "లక్ష్మి" అని రాసి, "అంకుల్, ఒత్తు పూడిపోతోంది" అంది. ఆయన మొహం చూడాల్సింది. తర్వాత ఆ పాళీ సన్నగా సాన పట్టించుకున్నాడనుకోండి.

మధ్యలో ఓ దెబ్బ తగిలింది, సెప్టెంబర్‌లో. జనం పెరిగేసరికి అమ్మేవాళ్ళు వచ్చారు. ఇద్దరు పెన్నుల సంచులతో దిగి, బల్ల సగం ఆక్రమించి, కొత్తవాళ్ళని పట్టుకుని అమ్మడం మొదలెట్టారు. రెండు ఆదివారాల్లోనే రిపేరు కోసం వచ్చేవాళ్ళు తగ్గారు. నాకు భయమేసింది, పాత సినిమా మళ్ళీ చూస్తున్నట్టుంది. పెద్దాయన గొడవ పడలేదు. ఆ తర్వాతి ఆదివారం బల్ల మీద చోటంతా నీళ్ళ గ్లాసులు, పాత గుడ్డలు, విప్పిన పెన్నులు పరిచేశారు, సంచి పెట్టడానికి చోటే లేదు. అమ్ముకునేవాళ్ళు పన్నెండున్నర తర్వాత బయట మెట్ల మీద పెట్టుకోవచ్చండి, నేనూ వచ్చి చూస్తాను అన్నారు. వాళ్ళిప్పటికీ వస్తున్నారు, మెట్ల మీదే. వాళ్ళ దగ్గర నేనూ ఓ పెన్ను కొన్నా.

దసరాకి ముందు ఆదివారం ఏటా పెన్నుల స్నానం పెడతారట, ఈ ఏడే మొదలు కాబట్టి ఏటా అన్నది ఆయన నమ్మకం. సరస్వతీ పూజకి పుస్తకాల పక్కన పెన్ను పెడతాం కదా, శుభ్రమైన పెన్ను పెట్టండి అని. ప్రపంచవ్యాప్తంగా నవంబర్ మొదటి శుక్రవారం ఫౌంటెన్ పెన్ డే ఉందండీ అని ఓ కుర్రాడు చెప్తే, మంచిదే, శుక్రవారం ఆఫీసుంటుంది కదా, మనకి మూలా నక్షత్రం చాలు అన్నారు. ఆ రోజు నలభైకి పైగా పెన్నులు కడిగాం. బకెట్లో నీళ్ళు బొమ్మలేసేవాళ్ళు చూస్తే ఫొటో తీసుకునే రంగులో ఉన్నాయి.

అన్నీ బాగున్నాయని రాస్తే రివ్యూ ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. పార్కింగ్ లేదు. బండి అయితే సందులో ఎక్కడో దూర్చొచ్చు, కారైతే మెట్రోలో రండి. ఫ్యాను ఒకటే, దాని గాలికి టిష్యూలు ఎగురుతాయని అదీ ఆపేస్తారు, ఎండాకాలం ఏం చేస్తారో చూడాలి. టాయిలెట్ లేదు, పక్క హోటల్లో అడగాలి, ఆడవాళ్ళు నాలుగైదు నెలల దాకా రాకపోవడానికి ఇదీ ఓ కారణమని నా అనుమానం. టీ చల్లారిపోయి వస్తుంది.

పని నెమ్మది. పాళీ సాన పట్టడం లాంటిదైతే రెండు మూడు వారాలు పడుతుంది, ఫోన్ చేసి తొందరపెడితే ఇంకో వారం. అందరి చెయ్యీ ఒకటి కాదు. పెద్దాయనకి సాయంగా ఉండే కుర్రాళ్ళలో ఒకడు నా పాళీ కొనని నునుపు చేస్తానని తీసుకుని, సన్నటి గరుకు కాగితం మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పీ తిప్పీ కొన మీది గట్టి గింజంతా అరగ్గొట్టాడు. అది మార్కరులా రాయడం మొదలెట్టింది. వాడే ముందుకొచ్చి తప్పు ఒప్పుకుని కొత్త పాళీ వేయించాడు, కోపం పోయింది గానీ ఆ పాళీ పోయింది. కాబట్టి ఇష్టమైన పెన్నయితే ఆయన చేతికే ఇవ్వండి, వంద రూపాయలు పోతే పోయాయి.

ఇంకో జాగ్రత్త నా అనుభవం మీద. ఈ రాజమండ్రి తరహా పెన్నులకి లోపల గొట్టం ఉండదు, పెన్ను ఒంట్లోనే నేరుగా ఇంకు పోస్తాం. మరకి కొద్దిగా సిలికాన్ గ్రీజు పూయాలి, బల్ల మీద డబ్బా ఉంది, పూశారా అని ఆయన అడిగారు, పూశానని అబద్ధం చెప్పా. సోమవారం ఆఫీసులో చొక్కా జేబు నీలమైంది. మళ్ళీ ఇంకు మూడోవంతు కంటే తగ్గినప్పుడు లోపల గాలి చేతి వేడికి వ్యాకోచించి పెన్ను చుక్కలు కక్కుతుంది. అది పెన్ను తప్పు కాదు, అలా తగ్గినప్పుడే నింపేసుకోవాలి. చిన్నప్పుడు "నాలుగు చుక్కలు అప్పివ్వరా" అని పక్కవాడి పెన్నులోంచి డెస్కు మీద పోయించుకుని ఎక్కించుకున్న తరానికి ఇదేం కొత్త కాదు, ఇప్పటి పిల్లలు మాత్రం పెన్ను పాడైందని కంగారుపడతారు.

బల్ల చివర్లో ఓ లాంగ్ నోటుబుక్కు ఉంటుంది, దారంతో కట్టిన పెన్ను లేదు, మన పెన్నుతోనే రాయాలి. తేదీ, పెన్ను, ఇంకు, ఓ వాక్యం. పేరు రాస్తే రాయొచ్చు. మొదటి పేజీలో మూడు లైన్లే ఉన్నాయి, అందులో రెండోది నాది, వణుకుతూ ఉంది. తర్వాత పేజీల్లో ఎవరో "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టారు, దాంతో అదో ఆనవాయితీ అయిపోయింది. ఒకావిడ పెన్ను పేరు దగ్గర "అత్తగారిది, ఆవిడకి తెలీదు" అని రాశారు. ఇంటర్ అమ్మాయి ఫిజిక్స్ పరీక్ష ఎలా రాసిందో రాసింది. నేను త్వరగా వెళ్ళేది సగం ఆ పుస్తకం తిరగేయడానికే.

మొన్న మొదటి ఆదివారం వెళ్ళేసరికి మా పాత గ్రూపు అడ్మిన్ వచ్చి వెళ్ళారని చెప్పారు. ఆ ఆర్డరు గొడవ తర్వాత ఎవరితోనూ మాట్లాడని మనిషి. నాకంటే పావుగంట ముందొచ్చి, ఎవరినీ పలకరించకుండా కూర్చుని, టీ తాగి, పెన్ను నీళ్ళలో పెట్టి వెళ్ళిపోయారట. పుస్తకం తీసి చూశా. ఆయన చేతిరాత నాకు తెలుసు, తలకట్లు పొడుగ్గా ఉంటాయి. తేదీ వేశారు, పెన్ను అప్పుడు మేమందరం ఆర్డరిచ్చినదే, ఇంకు రాయల్ బ్లూ. వాక్యం దగ్గర, "మూత బిగుసుకోవట్లేదు. మూడో ఆదివారం వస్తాను."